గులాబీ జుట్టు హిదే

ఎక్స్ జపాన్ బ్యాండ్‌లో బాగా పాపులర్ పాటలేవి అని ఆ బ్యాండ్ వినేవాళ్లెవరిని అడిగినా దాదాపు ఒకే లిస్టు వస్తుంది. కురెనాయ్, ఎండ్‌లెస్ రెయిన్, సైలెంట్ జెలసీ, టియర్స్, రస్టీ నెయిల్, ఫరెవర్ లవ్. ఈ ఆరింటికీ బాణీ కట్టింది ఒక్కడే, డ్రమ్మర్ యోషికి. కానీ ఆ బ్యాండ్ పేరు చెప్పగానే చాలామందికి కళ్లముందు మెదిలేది వేరే మనిషి. గులాబీరంగు జుట్టు, చేతిలో హార్ట్ బొమ్మలు వేసిన పసుపు గిటారు. అతని పేరు హిదే. హిట్ల లిస్టులో పెద్దగా కనిపించని ఈ మనిషి గురించే ఈ సంచికలో నా వ్యాసం.

అసలు పేరు మత్సుమోతో హిదెతో. 1964 డిసెంబర్ 13న జపాన్‌లోని యోకోసుకాలో పుట్టాడు. యోకోసుకా అంటే అమెరికా నేవీ బేస్ ఉన్న ఊరు. అమెరికా పాటలు, బట్టలు, తిండి, అన్నీ ఆ వీధుల్లోకి ముందే వచ్చేసేవి. చిన్నప్పుడు హిదే బాగా లావుగా ఉండే పిల్లాడు. హైస్కూల్‌కి ముందే కిస్ అనే అమెరికన్ బ్యాండ్ రికార్డు ఒకటి విన్నాడు. మొహాలకి రంగులు పూసుకుని, స్టేజి మీద మంటలు పెట్టి వాయించే బ్యాండ్ అది. ఆ రికార్డుతో కుర్రాడికి దారి దొరికింది. ఇంట్లో బామ్మ గిబ్సన్ గిటారు కొనిచ్చింది. అంత ఖరీదైన గిటారు ఆ వయసులో చేతికొస్తే ఎవరైనా కొన్నాళ్లు వాయించి మూల పెట్టేయొచ్చు. ఇతను పెట్టలేదు.

1981లో సేవర్ టైగర్ అని సొంత బ్యాండ్ మొదలుపెట్టాడు. ఒక పక్క అది నడుపుతూనే బ్యూటీషియన్ కోర్సు చదివి లైసెన్స్ తెచ్చుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ ప్లాన్ అన్నమాట. ఆరేళ్లు గడిచాయి. సభ్యులు మారుతూ వచ్చారు, బ్యాండ్ నిలదొక్కుకోలేదు. 1987 మొదట్లో దాన్ని ఆపేశాడు. ఇక సంగీతం వద్దు, జుట్టు కత్తిరించే పనే చేసుకుందాం అనుకున్న టైమ్‌లో యోషికి పిలిచాడు. హిదే వెళ్లి ఎక్స్‌లో చేరాడు. అప్పటికి అతని వయసు 22. నాకు ఈ జీవితంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే మలుపు ఇదే. ఆ లైసెన్స్ చదువు వృథా పోలేదు. ఆకాశం వైపు నిలబడిన జుట్టు, మేకప్, బట్టలు, ఇవే ఆ బ్యాండ్‌కి గుర్తింపు అయ్యాయి మరి.

1988లో యోషికి సొంత లేబుల్ ఎక్స్‌టసీ నుంచి మొదటి ఆల్బమ్ వానిషింగ్ విజన్ వచ్చింది. 1989లో పెద్ద కంపెనీ నుంచి బ్లూ బ్లడ్ వచ్చింది. దాని అట్టమీద విజువల్ షాక్ అనే మాటలున్న నినాదం ఒకటి ఉంటుంది. తర్వాత ఈ తరహా బ్యాండ్లన్నిటికీ విజువల్ కెయ్ అనే పేరు స్థిరపడింది. కెయ్ అంటే కోవ, తరహా. చూడ్డానికి కూడా ఉన్న సంగీతం అనుకోండి. మగవాళ్లు లిప్‌స్టిక్ వేసుకుని, హెవీ మెటల్ వాయించి, వెంటనే పియానో పాటతో ఏడిపించేవాళ్లు. అదే ఏడాది సింగిల్‌గా వచ్చిన కురెనాయ్ వినండి, నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా ఎలా పరిగెడుతుందో తెలుస్తుంది. 1993లో వచ్చిన ఆర్ట్ ఆఫ్ లైఫ్ అయితే ఒక్క పాటే 29 నిమిషాలు!

ఇందులో హిదే వాటా ఏమిటి? యోషికి పాటలు విషాదం, ప్రేమ, మరణం చుట్టూ తిరుగుతాయి. హిదే పాటల్లో ఆట ఉంటుంది, వెటకారం ఉంటుంది. సెలబ్రేషన్, జోకర్ వినండి. బరువైన భోజనం మధ్యలో నిమ్మకాయ పచ్చడి లాంటివి. 1996లో స్కార్స్ అతని పాటే, సింగిల్‌గా కూడా వచ్చింది. అంతకన్నా పెద్ద పని కంటికి కనిపించదు. రెండో గిటారిస్ట్ పాటాతో కలిసి అతను వాయించే జంట గిటార్ వరసలు తీసేస్తే ఆ హిట్లు అలా వినిపించవు. ప్రాజెక్ట్‌లో పేరు ముందుండకపోయినా మొత్తం నిలబెట్టేవాడు ఒకడుంటాడు కదా, అలా.

1993 నుంచి సోలోగా కూడా పాడాడు. 1994లో హైడ్ యువర్ ఫేస్, 1996లో సైయెన్స్ ఆల్బమ్‌లు వచ్చాయి. మెటల్ గిటారుకి కంప్యూటర్ బీట్లు, పిచ్చిపిచ్చి శబ్దాలు కలిపాడు. ఇందులో ప్రోగ్రామర్ ఇనా అతనికి కుడిభుజం.

ఇంకో సంగతి. 1995 డిసెంబర్ 31న టోక్యో డోమ్ షోలో, అరుదైన జబ్బున్న ఒక చిన్న అభిమానిని కలిశాడు. చాలామంది స్టార్లు ఫొటో దిగి వెళ్లిపోతారు. హిదే తర్వాత ఆ పాప ఉన్న హాస్పిటల్‌కి వెళ్లాడు, స్నేహం కొనసాగించాడు. తనూ బోన్ మ్యారో దాతగా పేరు నమోదు చేసుకున్నాడు.

1997లో గాయకుడు తోషి తప్పుకున్నాడు. ఆ డిసెంబర్ 31న చివరి షో చేసి బ్యాండ్ విడిపోయింది. హిదే ఆగలేదు. నెల తిరక్కుండానే, 1998 జనవరి 28న రాకెట్ డైవ్ విడుదల చేశాడు. పింక్ స్పైడర్, ఎవర్ ఫ్రీ అనే మరో రెండు సింగిల్స్ మే నెలకి సిద్ధం. ఆ మే 2న తన ఇంట్లో చనిపోయాడు. వయసు 33.

పోలీసులు ఆత్మహత్య అన్నారు. దగ్గరివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. గిటారిస్టులకి వచ్చే మెడ, భుజాల నొప్పికి చేసే ఎక్సర్‌సైజ్‌లో జరిగిన ప్రమాదమని వాళ్ల నమ్మకం. నేను తీర్పు చెప్పను. ఒక్కటి మాత్రం అంటాను. ఈ మనిషి గురించి రాసినవి చూస్తే సగం ఈ ఒక్క రాత్రి మీదే ఉంటాయి. 33 ఏళ్ల జీవితాన్ని ఒక రాత్రికి కుదించడం అన్యాయం. మే 7న టోక్యోలోని త్సుకిజి హోంగాన్‌జి గుడి దగ్గర దాదాపు 50,000 మంది వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. తోషి, యోషికి కలిసి ఫరెవర్ లవ్ వినిపించారు. కొందరు అభిమానులు ఆ దుఃఖంలో తమ ప్రాణాలు కూడా తీసుకున్నారు. పాటల్ని అంతగా ప్రేమించినవాళ్లు ఆ తర్వాతి పాటలు వినకుండానే పోయారు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా మనసు అంత బరువుగా ఉంటే రూమ్మేట్‌తోనో ఇంట్లోవాళ్లతోనో మాట్లాడండి. టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు.

మే 13న పింక్ స్పైడర్ విడుదలైంది. ఎగరాలని సీతాకోకచిలుక రెక్కలు తగిలించుకుని పడిపోయే సాలీడు కథ అది. మిగిలిన ఆల్బమ్‌ని ఇనా, మిగతా మిత్రులు పూర్తి చేసి నవంబర్‌లో జా జూ పేరుతో తెచ్చారు.

ఇక్కడే మన బ్రాంచ్‌లకి సంబంధించిన ముచ్చట. ఆ రోజుల్లో కో గ్యల్ అనే పాటకి ట్యూన్ ఉంది గానీ హిదే గొంతు లేదు. 2014 డిసెంబర్‌లో ఆ పాట హిదే గొంతుతోనే వచ్చింది! యమహా వాళ్ల వోకలాయిడ్ టెక్నాలజీ వాడారు. పాత రికార్డింగుల్లోంచి అక్షరాల ముక్కలు తీసి, వాటిని కొత్త మాటలుగా, కొత్త స్వరాల్లో అతికించడం దాని సూత్రం. ఇప్పుడు ఏఐ గొంతులు మనకి మామూలు. అప్పుడు అది చాలా కష్టపడి చేసిన పని.

నేను ఆ పాట, జా జూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. కో గ్యల్‌లో గొంతు అతనిదే, ఇంజనీరింగ్‌గా అద్భుతం. కానీ జా జూలో ఉన్న హరీ గో రౌండ్ దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ మనిషి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ఊపిరిని ఏ ప్రోగ్రామ్ ఎప్పటికి తయారుచేస్తుందో నాకు తెలీదు. చేసినా, అది ఎవరిదని చెప్పుకుంటాం?

కొత్తగా వినేవాళ్లకి నా వరస ఇది. ముందు కురెనాయ్, ఎండ్‌లెస్ రెయిన్. తర్వాత జోకర్, స్కార్స్. ఆపైన రాకెట్ డైవ్, పింక్ స్పైడర్, ఎవర్ ఫ్రీ. చివర్న హరీ గో రౌండ్. హెడ్‌ఫోన్స్ మంచివి పెట్టుకోండి, లేదంటే జంట గిటార్లు విడివిడిగా వినపడవు.