అప్పు తీర్చడానికి భూమి చుట్టి వచ్చిన రచయిత

ఎన్టీఆర్ నటించిన రాజు-పేద చూసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. 1954లో వచ్చిన ఆ సినిమాకు మూలకథ అమెరికా రచయిత మార్క్ ట్వెయిన్‌ది. నండూరి రామమోహనరావు గారి తెలుగులో టామ్ సాయర్ చదువుకున్నవాళ్ళకూ ఆయన కొత్తేమీ కాదు. అంతటి మనిషి 58 ఏళ్ళ వయసులో దివాలా తీశారని, ఆ అప్పులు తీర్చడానికే బొంబాయి, కలకత్తాల దాకా వచ్చారని మాత్రం ఎక్కువమందికి తెలియదు. గల్ఫ్‌లో సైట్ల మీద పనిచేసే మాలాంటివాళ్ళకు ఆయన పుస్తకాల కన్నా ఈ కథే దగ్గరగా తోస్తుంది. మాలో అప్పు లేకుండా విమానం ఎక్కినవాడిని వెతికి పట్టుకోవాలి మరి.

ఆయన అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835 నవంబరు 30న మిస్సోరీ రాష్ట్రంలో పుట్టారు. 11 ఏళ్ళకే తండ్రి పోయారు. చిన్నప్పుడే అచ్చుకూటంలో పనికి కుదిరి, తర్వాత మిసిసిపీ నది మీద స్టీమర్లు నడిపారు. రచయితగా పేరొచ్చాక 1870లో బొగ్గు వ్యాపారి కూతురు ఒలీవియాను పెళ్ళాడారు. పుస్తకాల మీద వచ్చే డబ్బుతో దర్జాగా బతకొచ్చు. కానీ ఆయనకు వ్యాపారమంటే మోజు.

ఆ మోజుకు పెద్ద ఖర్చు ఒక యంత్రం. జేమ్స్ పేజ్ అనే ఆయన చేతితో అక్షరాలు కూర్చే పనిని మిషన్‌తో చేయిస్తానన్నారు. అచ్చుకూటంలో చెయ్యి అరగదీసుకున్న ట్వెయిన్‌కు ఆ మాట బాగా నచ్చింది. అందులో సుమారు 18,000 భాగాలట! నడిచినప్పుడు అద్భుతంగా నడిచేది, మర్నాడు ఆగిపోయేది. పేజ్ గారు మళ్ళీ విప్పి ఏదో ఒకటి మార్చేవారు. సైటులో డ్రాయింగు రివిజన్లు ఆగకపోతే స్లాబు ఎప్పటికీ పడదన్న సంగతి మాకు తెలుసు, ఇదీ అంతే. ఈలోగా లైనోటైప్ అనే ఇంకో యంత్రం బజారులోకి వచ్చి పత్రికాఫీసులన్నీ ఆక్రమించేసింది. ట్వెయిన్ పెట్టిన సొమ్ము దాదాపు 3 లక్షల డాలర్లు. భార్య పుట్టింటి డబ్బు కూడా అందులోకే పోయింది.

రెండోది 1884లో మేనకోడలి భర్త వెబ్‌స్టర్‌తో పెట్టిన ప్రచురణ సంస్థ. మాజీ అధ్యక్షుడు గ్రాంట్ అదే ఏడు భాగస్వామి మోసం వల్ల దివాలా తీశారు. గొంతు క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆత్మకథ రాసి, పూర్తిచేసి, 1885లో కన్నుమూశారు. ఆ పుస్తకం వేసి గ్రాంట్ భార్యకు 2 లక్షల డాలర్ల చెక్కు ఇచ్చింది ఈ సంస్థే. ఒక దివాలా కుటుంబాన్ని నిలబెట్టిన కంపెనీ పదేళ్ళు తిరక్కుండా తానే దివాలా తీసింది. కారణాల్లో ఒకటి మన చిన్న కాంట్రాక్టర్లకు బాగా తెలిసినదే. 11 సంపుటాల సాహిత్య సంకలనం ఒకటి వాయిదాల మీద అమ్మారు. కాగితం, అచ్చు, ఏజెంట్ల కమీషన్ ముందే కట్టాలి, కొన్నవాడి డబ్బు నెలనెలా చుక్కలుగా వస్తుంది. అమ్మకం పెరిగినకొద్దీ అప్పూ పెరిగింది. 1893లో దేశమంతా ఆర్థిక సంక్షోభం. బ్యాంకులు బాకీ కట్టమన్నాయి. 1894 ఏప్రిల్ 18న కంపెనీ మూతపడింది.

అది లిమిటెడ్ కంపెనీ కాదు, భాగస్వామ్యం. అంటే కంపెనీ బాకీ సొంత బాకీయే. వెయ్యో, పదివేలో కాదు, లక్ష డాలర్ల చిల్లర.

ఇక్కడ ఆదుకున్నది స్టాండర్డ్ ఆయిల్ పెద్దల్లో ఒకరైన హెన్రీ రోజర్స్. వ్యాపారంలో జాలిలేని మనిషని పేరు. ఆయన లెక్కలన్నీ చూసి ఒక పాయింటు పట్టారు. ఒలీవియా తన సొంత సొమ్ము కంపెనీకి అప్పిచ్చి ఉంది, కాబట్టి ఆమె కూడా అప్పులామే. అందుచేత పుస్తకాల హక్కులు ఆమె పేరున రాయించారు. మిగతా అప్పులవాళ్ళను కూర్చోబెట్టి గడువు అడిగారు. అందరూ ట్వెయిన్ నిజాయితీని పొగుడుతారు, పొగడాల్సిందే. కానీ మా దృష్టిలో అసలు పని జరిగింది ఈ బల్ల దగ్గరే. సంపాదించే సాధనం అప్పులవాళ్ళ చేతిలో పడితే ఎంత నిజాయితీపరుడైనా ఏం పెట్టి కడతాడు? పనిముట్లు జప్తు చేశాక తాపీమేస్త్రీని బాకీ అడిగినట్టు ఉంటుంది.

ఎంతో కొంతకు రాజీపడి చేతులు దులుపుకుందామంటే ఒలీవియా ఒప్పుకోలేదు. ప్రతి డాలరూ కట్టాలంది. అలా 1895 జులైలో, వేసిన కురుపు పూర్తిగా మానకుండానే, భార్యనూ రెండో కూతురు క్లారానూ వెంటబెట్టుకుని ఉపన్యాసాల యాత్రకు బయల్దేరారు. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సిలోన్. 1896 జనవరిలో బొంబాయిలో దిగి కాశీ, కలకత్తా, డార్జిలింగ్, లాహోర్ తిరిగారు. తిరుగు ప్రయాణంలో ఓడ మద్రాసులో ఒక రోజు ఆగింది. అక్కణ్నుంచి మన తెలుగువాళ్ళు చెరకు తోటల్లో పనిచేస్తున్న మారిషస్, దక్షిణాఫ్రికాలకు వెళ్ళారు. టిక్కెట్టు కొన్నవాళ్ళను నవ్వించడమే రోజూ పని.

యాత్ర ముగించి ఇంగ్లండు చేరేసరికి ఇంటి దగ్గర పెద్దకూతురు సూసీ జబ్బుపడ్డట్టు కబురొచ్చింది. తల్లి ఓడెక్కింది. ఓడ సముద్రం మీద ఉండగానే 1896 ఆగస్టు 18న 24 ఏళ్ళ సూసీ మెదడువాపు జ్వరంతో చనిపోయింది. ట్వెయిన్ ఇంగ్లండులోనే ఉండిపోయారు. పరాయి దేశంలో ఫోను మోగితే ఉలిక్కిపడే మనకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆ దుఃఖంలోనే యాత్రా గ్రంథం రాశారు. 1898 మొదట్లో ఆఖరి బాకీ తీరింది.

విచిత్రమేమంటే ఆయన దివాలా తీసేనాటికి అమెరికాలో దేశమంతటికీ వర్తించే దివాలా చట్టమే లేదు. పాతది 1878లో రద్దయింది, కొత్తది 1898 జులైలో వచ్చింది. ఇప్పుడు అక్కడ చాప్టర్ 7 కింద ఉన్న ఆస్తి పోగా మిగిలిన బాకీలు చాలావరకు రద్దు చేయించుకోవచ్చు. చాప్టర్ 13 కింద జీతంలోంచి 3 నుంచి 5 ఏళ్ళలో కట్టుకోవచ్చు. రోజర్స్ చేసింది ఇంచుమించు ఈ రెండోదే. యూఏఈలో కూడా వ్యక్తుల కోసం 2019లో చట్టం చేసి, 2020 జనవరి నుంచి అమల్లో పెట్టారు. కోర్టు నియమించిన నిపుణుడి సాయంతో 3 ఏళ్ళ లోపు కట్టే ప్రణాళిక వేసుకోవచ్చు. మన ఊళ్ళలో ఐపీ పెట్టాడంటే పరువు పోయినట్టే లెక్క. అందుకే మనవాళ్ళు ఇలాంటి దారి ఉందని కూడా అడగరు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తారు.

1900 అక్టోబరులో ట్వెయిన్ అమెరికా తిరిగొస్తే పత్రికలు వీరుడికి పట్టినట్టు నీరాజనం పట్టాయి. ఆ తర్వాత ఆయన ప్లాస్మన్ అనే పాల పొడి వ్యాపారంలో డబ్బు పెట్టారు. అదీ పోయింది.