చెల్లెలి మరణం నుంచి క్యాన్సర్ ఆసుపత్రి దాకా... డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి జీవితం

చెన్నై అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆంధ్రప్రదేశ్ నుంచి కూడా రోగులు వెళుతుంటారు. ఒక ఇంటి దుఃఖమే ఆ సంస్థకు పునాది. ఆ దుఃఖాన్ని ప్రజాకార్యంగా మలచినవారు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి.

1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో ఆమె జన్మించారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ విద్యావేత్త. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబానికి చెందినవారు. బాలికలకు ఉన్నత విద్య అరుదైన ఆ రోజుల్లో ఆమె బాలుర కళాశాలలో చదివారు. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో పట్టభద్రురాలయ్యారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడారు.

వైద్యురాలిగా పేరు తెచ్చుకుంటున్న సమయంలోనే ఆమె చెల్లెలు జబ్బుపడ్డారు. జిగట విరేచనాలుగా తొలుత భావించిన ఆ వ్యాధి చివరకు క్యాన్సర్ అని తేలింది. సోదరి వేదనను దగ్గరుండి చూసినా, వైద్యవిద్య ఎరిగిన ముత్తులక్ష్మి ఆమెను కాపాడుకోలేకపోయారు. 1923లో సంభవించిన ఆ మరణం ఆమె జీవితానికి కొత్త లక్ష్యాన్ని నిర్దేశించింది.

1925లో ఉన్నత వైద్య శిక్షణకై లండన్ వెళ్లిన ఆమె అక్కడ క్యాన్సర్ చికిత్సను కూడా అధ్యయనం చేశారు. తిరిగి వచ్చాక 1927లో మద్రాసు శాసన మండలి సభ్యురాలై, ఉపాధ్యక్ష పదవిని అలంకరించారు. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు కూడా నాడు ఆ రాష్ట్రంలోనివే. దేవదాసీ వ్యవస్థ నిర్మూలనకు ఆమె సభలో పోరాడారు. గాంధీజీ అరెస్టుకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు.

ఇన్ని కార్యక్రమాల నడుమ కూడా చెల్లెలి జ్ఞాపకం మరుగున పడలేదు. మద్రాసు వైద్య కళాశాల శతజయంతి సందర్భంగా 1935లో క్యాన్సర్ ఆసుపత్రి ఆవశ్యకతను ఆమె ప్రస్తావించారు. క్యాన్సర్ నయం కాని రోగమనే నమ్మకం బలంగా ఉన్న కాలమది. అందుకు ధనం వెచ్చించడానికి ప్రభుత్వం ఉత్సాహం చూపలేదు. దీంతో భారత మహిళా సంఘం ఆధ్వర్యంలో క్యాన్సర్ సహాయ నిధిని నెలకొల్పి, ఆమె ప్రజల నుంచి విరాళాలు సేకరించారు. శస్త్రవైద్యుడైన కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి ఆమెకు అండగా నిలిచారు.

1952లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న 12 పడకలతో అది ప్రారంభమయింది. అప్పటికి ఆమె 68వ ఏట ఉన్నారు. చెల్లెలిని కోల్పోయి 31 ఏళ్లు గడిచాయి. మరుసటి ఏడాది డాక్టర్ వి. శాంత ఆసుపత్రిలో చేరి, జీవితమంతా అక్కడి రోగుల సేవకే అంకితం చేశారు.

1956లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్న ముత్తులక్ష్మీ రెడ్డి 1968 జూలై 22న కన్నుమూశారు. చెల్లెలికి అందని చికిత్స ఇతరులకైనా అందాలన్న ఆమె సంకల్పం మాత్రం ఆమెతో ముగిసిపోలేదు. ఖర్చు భరించలేని నిరుపేదలకు సైతం అడయారు ఆసుపత్రి తలుపులు తెరిచే ఉన్నాయి.