హాన్సు బెర్గరు పండితుని జీవితము

మహనీయుల చరిత్రములు రెండువిధముల నుపకరించును. వారి సద్గుణములు మనకు మార్గమును జూపును; వారి స్ఖలనములు మనలను మేల్కొలుపును. గుణములను మాత్రము వర్ణించి తక్కిన దానిని మఱుగుపఱచినయెడల అది స్తోత్రమగును గాని చరిత్రము కాజాలదు. ఇట్టి సంచికలలో మన కులమునందలి దాతలను, విద్వాంసులను గూర్చి వ్రాయుట పరిపాటియై యున్నది. మేమీ పర్యాయము అన్యదేశీయుడగు నొక వైద్యపండితుని చరిత్రమును కులబాంధవుల యెదుట నుంచుచున్నాము. ఏలయన, బ్రతికియున్న మనుష్యుని మెదడునందలి విద్యుత్తరంగములను మొట్టమొదట కాగితముపై వ్రాయించినవాడు ఆతడే. ఆతని విద్యవలన అపస్మారరోగులకు గలిగిన మేలు ఇంతింత యని చెప్పనలవి కాదు. ఆ రోగము మన యిండ్లలోను గలదు. దానిని దాచిపెట్టు దురాచారమును మన యిండ్లలోనే గలదు.

హాన్సు బెర్గరు 1873వ సంవత్సరము మే నెల 21వ తేదీన జర్మనీదేశమున కోబర్గు పట్టణమునకు సమీపమునందలి నోయిసెస్ గ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు. తల్లి ఫ్రీడ్రిక్ రూకెర్టు అను మహాకవి కూతురు. సంస్కృతాభిమానులకు ఈ మాతామహుని నామము ప్రీతికరము. ఆ కవి ప్రాచ్యభాషలలో నిష్ణాతుడై, మన మహాభారతమునందలి నలోపాఖ్యానమును 1828లో జర్మనుపద్యములలోనికి దెచ్చెను. జయదేవుని గీతగోవిందమును గూడ ననువదించెను. మనుమడు పుట్టుటకు ఏడేండ్లు ముందుగనే, 1866లో, ఆయన కీర్తిశేషుడయ్యెను.

బాలుడు మొదట ఖగోళశాస్త్రమునందు మక్కువగొని, యెనా విశ్వవిద్యాలయమున గణితము చదువనారంభించెను. చదువు రుచింపక ఒక యేడు అశ్వికదళమున జేరెను. అచ్చట నొకనాడు కవాతులో ఆతని గుఱ్ఱము బెదరి ఆతనిని క్రిందబడవైచెను. వెనుక ఫిరంగి నీడ్చుచు గుఱ్ఱములు వచ్చుచుండెను. ఆ బండి వెండ్రుకవాసిలో నిలువగా ప్రాణాపాయము తప్పెను. నాటి సాయంకాలమే తండ్రియొద్దనుండి క్షేమమడుగుచు తంతివార్త వచ్చెను. దూరముననున్న అక్క, తమ్మునికేదో యాపద వాటిల్లెనని కలతపడి తండ్రిచే దానిని పంపించెనట! ఒకరి మనస్సునందలి భయము మఱియొకరికి దూరమునుండి యెట్లు సోకెనను ప్రశ్న ఆ యువకుని విడువలేదు. ఆతడు గణితమును మాని వైద్యము నభ్యసించెను. ఈ వృత్తాంతమును ఆతడు 1940లో ప్రకటించిన గ్రంథమున జెప్పుకొనెను. ప్రశ్న భ్రాంతిజనితమే కావచ్చును. అది పుట్టించిన పరిశ్రమ మాత్రము సత్యఫలము నొసగెను.

1897లో వైద్యపట్టము నంది, యెనా నగరమున ఓటో బిన్‌స్వాంగరు పండితుని మానసిక వైద్యాలయమున సహాయకుడుగా బ్రవేశించెను. నీషే అను తత్త్వవేత్త మతిచలించినపుడు చికిత్స పొందిన వైద్యాలయ మదియే. నలువదేండ్లకు పైగా బెర్గరునకు అదియే కర్మభూమి. 1919లో ఆతడు దానికధ్యక్షుడయ్యెను. 1927లో ఆ విశ్వవిద్యాలయమునకే రెక్టరు పదవి నలంకరించెను. పగలెల్ల గడియారమువలె నియమము తప్పక రోగులను జూచి, సాయంకాలము ఒక చిన్న గదిలో తలుపు మూసికొని ఒంటరిగా పరిశోధించెడివాడు. ఆతడచ్చట నేమి చేయుచుండెనో తోడి వైద్యులకే చక్కగా దెలియదు.

ఆతని యుద్దేశము సులభముగనే చెప్పవచ్చును. మనోవ్యాపారమునకు శరీరమున నొక చిహ్న ముండవలెను. దానిని కొలువగలిగిన మనోరోగమును గొంత తెలిసికొనవచ్చును. గాయములవలనగాని శస్త్రచికిత్సవలనగాని కపాలమున రంధ్రమేర్పడిన రోగుల యొద్ద మెదడునందలి రక్తప్రసారమును పరీక్షించి 1901లో గ్రంథము ప్రకటించెను. పిదప మెదడు ఉష్ణమును గొలిచి 1910లో మఱియొక గ్రంథము వ్రాసెను. ఈ రెండు మార్గములును ఆతనికి తృప్తినీయలేదు. 1902లో కుక్కల మెదడునుండి విద్యుత్తును గ్రహింప యత్నించి విఫలుడయ్యెను. జంతువుల మెదడున విద్యుత్ప్రవాహమున్నదని లివర్పూలు నగరమున కేటను అను వైద్యుడు 1875లోనే చూపియుండెను; మనుష్యుని యందు మాత్రము ఎవ్వరును చూచియుండలేదు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి, బెర్గరు సైన్యమున మానసిక వైద్యుడుగా గొన్నియేండ్లు గడపెను.

1924వ సంవత్సరము జూలై 6వ తేదీన, తలకు శస్త్రచికిత్స జరిగిన పదునేడేండ్ల బాలునియందు ఆతడు మొదటిసారి ఆ సూక్ష్మస్పందమును గ్రహించెను. అప్పటి కాతనికి ఏబదియొక యేండ్లు. మఱియొకడైన మఱునాడే చాటించెడివాడు. బెర్గరు అయిదేండ్లు నోరు మెదపలేదు. ఆ కదలిక గుండె కొట్టుకొనుటవలన గలిగెనేమో, నెత్తుటినాడివలననో, చర్మమువలననో, యంత్రదోషముననో యని తన్ను తానే శంకించుకొనెను. అందుచే మెదడు రేఖతోబాటు గుండెరేఖను, సెకండులో పదియవవంతును దెలుపు కాలరేఖను ఒకే కాగితముపై వ్రాయించెను. తన తలపైనను, తన కుమారుని తలపైనను పలుమార్లు పరీక్షించెను. శంకలన్నియు దీఱినపిమ్మటనే 1929లో మొదటి వ్యాసమును ప్రకటించెను. సత్యాన్వేషికి ఉండవలసిన ఓర్పు ఇట్టిది. మా విద్యార్థులకు మేము బోధింపగోరిన గుణ మింతకు మించినది లేదు.

ఆతడు కనుగొన్న దేమనగా, కన్నులు మూసికొని నిశ్చింతగా నున్నవాని మెదడునుండి సెకండునకు సుమారు పది తరంగములు వెలువడును. దీనికి ఆల్ఫా యని పేరిడెను. కన్నులు తెఱచినను, లెక్క చేయబూనినను ఆ తరంగములు అణగి, అంతకంటె చిన్నవియు త్వరితములునగు బీటా తరంగములు మిగులును. వీని బలము ఒక వోల్టును పదిలక్షల భాగములు చేసిన అందు ఏబది భాగముల ప్రాంతము. నిద్రలోను, మత్తుమందు నిచ్చినపుడును, మూర్ఛలోను రేఖ మాఱుటను గూడ నాతడు వర్ణించెను. 1938 వఱకు ఈ విషయమున పదునాలుగు వ్యాసములు వెలువడినవి.

స్వదేశీయులు చాలకాలము నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జినందు నోబెలు బహుమాన గ్రహీతయగు ఏడ్రియను, మాథ్యూసు అనువారు స్వయముగా పరీక్షించి నిజమని చాటినపిదప లోకమంగీకరించెను. 1935లో అమెరికాదేశపు బాస్టను నగరమున గిబ్సు, డేవిసు, లెన్నాక్సు అను వైద్యులు మూర్ఛరోగమునకు ప్రత్యేకమైన తరంగరూపము గలదని చూపిరి. నాటితో అపస్మారము గాలియు ధూళియు కాదనియు, మెదడునందలి విద్యుత్తు క్రమము తప్పుటయే యనియు ప్రత్యక్షప్రమాణముతో రుజువయ్యెను.

ఇంతవఱకు వ్రాసి ఊరకుండిన మాకు సుఖమే. కాని 1933లో హిట్లరు ప్రభుత్వము వంశానుగత రోగులకు బలవంతముగా సంతానశక్తిని హరించు శాసనము చేసెను. ఉన్మాదులతోబాటు అపస్మారరోగులును దానికి లోనైరి. 1945 వఱకు సుమారు నాలుగులక్షల మంది దానికి బలియైరి. ఇట్టి తీర్పులకై యేర్పడిన యెనా న్యాయస్థానమున బెర్గరు సభ్యుడుగా గూర్చుండెను. ప్రభుత్వమాతనిని పీడించెనని చిరకాలము చెప్పుకొనిరి. తరువాతి పరిశోధకులు దస్తావేజులు తీసి చూడగా ఈ సంగతి బయల్పడెను. ఏ రోగుల మెదడువ్రాతను చదువుటకు జీవితమును ధారవోసెనో, ఆ రోగుల వంశమునే త్రుంచు సభలో ఆతడుండెను. విద్య యుండియు దయ లోపించిన నేమగునో దీనికంటె వేఱు నిదర్శనము వలదు.

1938లో ఉద్యోగమునుండి విరమించెను. పిమ్మట దేహారోగ్యము చెడి, గాఢమైన విషాదరోగమున బడి, 1941 జూన్ 1వ తేదీన తన ప్రాణమును తానే తీసికొనెను. ఇతరుల మనోరోగమును జీవితమెల్ల పరీక్షించిన వైద్యునికి తన రోగమునుండి తరణోపాయము దొరకలేదు! నోబెలు బహుమానమును రాలేదు. నేడు ఈ.ఈ.జీ. అను పేరుతో ఆతని విద్య మన పట్టణములలోని ఆసుపత్రులయందెల్ల నున్నది. రక్తప్రసారమును బట్టి మెదడుపనిని చిత్రించు నేటి యంత్రములును ఆతడు యౌవనమున ద్రొక్కిన బాటనే నడచుచున్నవి.

కులబాంధవులారా! చరకసంహితయందు ఉన్మాదమునకును, అపస్మారమునకును వేర్వేఱు అధ్యాయములు గలవు. మన ప్రాచీనులు వీనిని చికిత్సింపదగిన రోగములుగనే యెంచిరి. మనమో, మూర్ఛవచ్చిన పిల్లను వైద్యునికి జూపక, పెండ్లిసంబంధము తప్పునని దాచుచున్నాము. వివాహశాసనమునుండి అపస్మారమను దోషమును ప్రభుత్వమువారు 1999లోనే తొలగించిరి. మన మనస్సులనుండి అది యింకను తొలగలేదు. వంశశుద్ధి యను మాటను అతిగా బట్టుకొన్న దేశమున నేమి జరిగెనో పైన జెప్పితిమి. కులము పేర గూడిన మనకు ఆ మాటయెడ మఱింత జాగరూకత వలయును.

మన సంఘమువారు విద్యార్థివేతనములతోబాటు, మూర్ఛకును మనోవ్యాధికిని చికిత్స పొందు బీదలకు మందులవెల నిచ్చుట కొక చిన్ననిధి నేర్పఱచినయెడల అది యీ మహాసభకు శాశ్వతకీర్తి యగును. పోషకమహాశయులు ఈ విన్నపము నాలకింతురుగాక! బెర్గరునొద్దనుండి ఓర్పును గ్రహించి, ఆతడు కోల్పోయిన దయను మనము విడువకుందుముగాక!