పట్టు దొరికితేనే పని కుదురుతది

వంద పీసులు ఒక్క తీరుగ రావాలంటె ఏం గావాలె? మంచి మిషను గావాలె అంటరు కొందరు. చెయ్యి తిరిగిన మనిషి గావాలె అంటరు ఇంకొందరు. నేనైతె ముందుగాల పట్టు గావాలె అంట. జాబును ఎక్కడ ఆనిచ్చినం, ఎట్ల బిగించినం, రెండో జాబును గూడ సరిగ్గ అదే జాగల కూసోబెట్టినమా లేదా అన్న కాడ్నే సగం లెక్క తేలిపోతది. లేతు మీద, మిల్లింగు మీద బతికేటోళ్లకు ఇది తెలిసిన ముచ్చటే. కానీ ఈ పట్టును ఫ్యాక్టరీ పద్ధతి చేసినోళ్లల్ల ముందు వరుసల ఉన్న హెన్రీ మాడ్‌స్లే బతుకు ఎట్ల నడిచిందో జెర చెప్పుకోవాలె.

మాడ్‌స్లే 1771ల లండన్ పక్కపొంటి వూలిచ్‌ల పుట్టిండు. నాయిన బండి చక్రాలు చేసేటోడు, తర్వాత సర్కారు ఆయుధశాలల స్టోరు చూసుకున్నడు. పోరడు 12 ఏండ్లకే అదే ఆయుధశాలల తూటాలకు మందు నింపే పనికి కుదిరిండు. ఆడికెళ్లి వడ్రంగి షాపుకు, తర్వాత కమ్మరి కొలిమికి మారిండు. ఆయన సదువంత ఆ కొలిమి కాడ్నే.

18 ఏండ్ల వయసుల లండన్‌ల తాళాలు చేసే జోసెఫ్ బ్రామా ఆయనను పనికి పిలిచిండు. బ్రామా తాళానికి 1784ల పేటెంట్ వచ్చింది. అది దొంగలకు తెరువరాని తాళమే గానీ, పనోళ్లకు చెయ్యరాని తాళం గూడ. లోపలి గాట్లు వెంట్రుకవాసి తేడా లేకుంట రావాలె. ఆకురాయి పట్టుకొని చేత్తోటి అరగదీస్తె దినాలు గడుస్తయి, రేటు గిట్టదు. మాడ్‌స్లే ఆ గాట్లు కోసెటందుకు వేరే మిషన్లు, పనిముట్లు తయారు చేసిండు. బ్రామా ఒక తాళాన్ని దుకాణం అద్దంల పెట్టి, తెరిచినోళ్లకు 200 గినీలు ఇస్తమని రాయించిండు. అది 1851 దాక ఎవ్వలకు లొంగలే. అప్పుడు గూడ అమెరికా నుంచి వచ్చిన హాబ్స్ అనే తాళాల పనిమంతునికి 51 గంటలు పట్టింది.

ఇంత చేసినోనికి జీతమెంత? వారానికి 30 షిల్లింగులు. పెండ్లాం పిల్లలు ఉన్నరు, జెర పెంచుమని అడిగిండు. బ్రామా కాదన్నడు. 1797ల మాడ్‌స్లే బయటికొచ్చి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ కాడ సొంత షాపు పెట్టుకున్నడు. 1800 ప్రాంతంల టూలును పట్టే స్లైడ్ రెస్టు, లీడ్ స్క్రూ, మార్చుకునే గేర్లు అన్ని ఒక్క లేతు మీదికి తెచ్చి మరలు కోసిండు. స్లైడ్ రెస్టు ఆయనే కనిపెట్టిండు అనుడు సరికాదు, అది ముందు నుంచే ఉండె. దాన్ని రోజూ నమ్మి పనిచేసుకునే సామాను చేసింది మాత్రం ఆయనే.

అసలు ముచ్చట పోర్ట్స్‌మత్ ఓడరేవుది. బ్రిటిష్ నౌకాదళానికి ఏడాదికి లక్షకు మీద గిరకలు గావాలె. మన బాయి మీది గిరక అసుంటివే, చెక్క దిమ్మెల ఇమిడి ఉంటయి, తెరచాపల తాళ్లు వాటి మీదికెళ్లే నడుస్తయి. ఒక్క పెద్ద యుద్ధ ఓడకే దగ్గరదగ్గర వెయ్యి. మార్క్ బ్రూనెల్ మిషన్ల నమూనా గీసిండు, శామ్యూల్ బెంథామ్ సర్కారు దిక్కు నుంచి ముందు వడ్డడు, లోహంతోటి కట్టిచ్చింది మాడ్‌స్లే. 1802 నుంచి కొన్నేండ్లల్ల మొత్తం 45 మిషన్లు తయారైనయి.

అండ్ల నాకు మస్తు నచ్చింది ఒక చిన్న పని. దిమ్మెకు మొదటి రంధ్రాలు వేసే మిషను కాడ, దాన్ని బిగించే క్లాంపే చెక్క మీద గుర్తులు ఒత్తుతది. తర్వాతి మిషన్లన్ని ఆ గుర్తులల్లనే దిమ్మెను పట్టుకుంటయి. తొర్ర తొలిచేటప్పుడు గదే గుర్తు, పైన గుండ్రంగ చెక్కేటప్పుడు గదే గుర్తు. మళ్ల కొలుసుడు లేదు, గీత గీసుడు లేదు. ఒక్కో మిషను కాడ ఒక్కో అంచును పట్టుకుంట పోతె ఆడింత ఈడింత తేడా జమైతది, ఆఖరికి ఇరుసు కూసోదు. ఒక్క జాగనే పట్టుకుంటె ఆ తేడా పెరిగే సందు ఉండది. ఇయ్యాల మనం ఫిక్చర్ల లొకేటింగ్ పిన్నులు పెట్టేది గూడ ఇందుకే.

దీనికి ఇంకో దిక్కు గూడ ఉంది. 110 మంది పనిమంతులు చేసే పనిని 10 మంది చేసుడు మొదలువెట్టిన్రు. 1808ల 1,30,000 గిరకలు బయటికొచ్చినయి. మరి ఆ 100 మంది నేర్పు ఏమైంది? గాలిల కలువలే. క్లాంపులకు, కట్టర్లకు, గుర్తులకు ఎక్కింది. కానీ దాని మిగులు వాళ్ల చేతికి రాలే. లాభం లెక్క రాసేటోళ్లు ఈ లెక్క గూడ రాయాలె గదా.

మాడ్‌స్లే తర్వాత ల్యాంబెత్‌ల పెద్ద ఫ్యాక్టరీ పెట్టి ఓడల ఆవిరి ఇంజన్లు చేసిండు. ఇంచుల పదివేలవ వంతు కొలిచే మైక్రోమీటర్ను బల్ల మీద పెట్టుకున్నడు. రిచర్డ్ రాబర్ట్స్, జేమ్స్ నాస్మిత్, జోసెఫ్ విట్‌వర్త్ ఆయన షాపుల తయారైనోళ్లే. 1831 ఫిబ్రవరి 14న కన్నుమూసిండు.

నేను చూసిన చిన్న షాపులల్ల పీసుకు ఇంత అని రేటు కడతరు గానీ, ఫిక్చర్ కట్టినోని రెండు దినాల బుర్రపనిని దండుగ ఖర్చు కింద రాస్తరు. ఆ రెండు దినాల మీదనే ఏడాదంత ఆర్డర్లు నడుస్తయి. బ్రామా ఆ జీతం కాడ పిసినారితనం చేసి ఎసుంటి మనిషిని పోగొట్టుకున్నడో చూసినం. టూల్‌రూంల పట్టు కట్టేటోని పేరు డ్రాయింగ్ మీద ఉండాలె, విలువ జీతంల కనవడాలె.