ఎడ్గార్ ఎఫ్. కాడ్

ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ (ఆగష్టు 19, 1923 - ఏప్రిల్ 18, 2003) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన కంప్యూటరు శాస్త్రవేత్త, రిలేషనల్ డేటాబేసు సిద్ధాంతకర్త. దుకాణపు లెక్కల నుండి బ్యాంకు ఖాతాల వరకు, నేడు వెబ్ ద్వారా నడిచే వ్యాపార అనువర్తనాలలో అధికభాగం ఈయన ప్రతిపాదించిన పట్టికల పద్ధతిపైనే ఆధారపడి ఉన్నాయి.

జీవిత విశేషాలు

కాడ్ డార్సెట్ కౌంటీలోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో ఏడుగురు సంతానంలో చివరివాడుగా జన్మించాడు. తల్లి ఉపాధ్యాయిని. ఆక్స్‌ఫర్డులో గణితము, రసాయనశాస్త్రము చదివాడు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేన పైలట్‌గా పనిచేశాడు. 1948లో అమెరికా వెళ్ళి, తరువాత ఐ.బి.ఎం. సంస్థలో చేరాడు. సెనేటర్ మెకార్తీ సాగించిన కమ్యూనిస్టుల వేట సహించలేక 1953లో కెనడాకు తరలిపోయి, కొన్నేళ్ళకు తిరిగివచ్చాడు. 1965లో, నలభై దాటిన వయసులో, మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

రిలేషనల్ నమూనా

1970 జూన్‌లో ప్రచురించిన పరిశోధనా పత్రం ఈయనకు శాశ్వత కీర్తి తెచ్చింది. అంతకుముందు కంప్యూటరులో దాచిన సమాచారాన్ని వెలికితీయాలంటే అది ఏ క్రమంలో అమరి ఉన్నదో, ఏ దారిన చేరాలో ప్రోగ్రామరుకు తెలిసి ఉండాలి. అమరిక మారితే ప్రోగ్రాములను తిరగవ్రాయవలసి వచ్చేది.

వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్ యార్డు లెక్కలనే ఉదాహరణగా తీసుకుందాం. రైతుల పేర్లు, ఊళ్ళు ఒక పట్టికలోను, వారు తెచ్చిన మిర్చి, పత్తి తూకాలు, ధరలు మరొక పట్టికలోను వ్రాస్తారు. ప్రతి రైతుకు కేటాయించిన సంఖ్య ఈ రెంటినీ కలుపుతుంది. రైతు చిరునామా మారితే ఒక్కచోట దిద్దితే సరిపోతుంది. ఫలానా గ్రామం నుండి ఎన్ని క్వింటాళ్ళు వచ్చాయని అడిగితే చాలు, వెదికే మార్గాన్ని కంప్యూటరే నిర్ణయిస్తుంది. ఇంత సులువైన విషయానికి గణితంలోని సమితి సిద్ధాంతము, తర్కము పునాది కావడమే కాడ్ ప్రత్యేకత.

సంస్థతో విభేదాలు

ఐ.బి.ఎం.కు అప్పటికే ఐ.ఎం.ఎస్. అనే పాత తరహా డేటాబేసు వలన మంచి ఆదాయం వస్తుండేది. అందువలన తన ఉద్యోగి సిద్ధాంతాన్ని అమలుచేయడానికి ఆ సంస్థ తొందరపడలేదు. కాడ్ మాత్రం ఊరుకోక, సంస్థ ఖాతాదారులకే దాని ప్రయోజనాలను వివరించసాగాడు. చివరకు సిస్టమ్ ఆర్ అనే ప్రయోగం మొదలైంది. దానికోసం ఛాంబర్లిన్, బాయ్స్ రూపొందించిన ప్రశ్నాభాషయే నేటి ఎస్.క్యూ.ఎల్. అది తన నమూనాను పూర్తిగా పాటించలేదని కాడ్ విమర్శించేవాడు. ఇంతలో లారీ ఎల్లిసన్ సంస్థ 1979లోనే ఒరాకిల్‌ను విపణిలోకి తెచ్చింది. ఐ.బి.ఎం. తొలి వాణిజ్య రిలేషనల్ ఉత్పత్తి 1981లో వెలువడింది. అదే ఏడాది కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

పాత సరుకుకే రిలేషనల్ అని పేరుపెట్టి అమ్మేవారిని అదుపు చేయడానికి 1985లో పన్నెండు నియమాలు ప్రకటించాడు. పన్నెండని పేరే గాని, సున్నతో మొదలగుటచే అవి పదమూడు. 1993లో ఓలాప్ అనే విశ్లేషణా పద్ధతిపై వ్రాసిన పత్రం ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రాయోజకత్వంతో వెలువడినందున విమర్శలకు గురయ్యాడు.

1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్, 1995 నాటి మైఎస్‌క్యూఎల్ వంటి ఉపకరణాలు ఈ పట్టికలను చిన్న వ్యాపారులకు సైతం అందుబాటులోకి తెచ్చాయి. కాడ్ ఫ్లోరిడాలో 79వ యేట గుండెజబ్బుతో మరణించాడు. డేటాబేసు పరిశోధకులకిచ్చే సిగ్‌మాడ్ పురస్కారానికి 2004లో ఈయన పేరు పెట్టారు.