బిర్సా అన్న పేరు ఏ వారానిది?

ప్రతి ఏటా నవంబరు 15న బిర్సా ముండా ఫొటోకు దండ వేస్తున్నాం. ఈ సంచిక పని మొదలుపెట్టాక మాకో సందేహం వచ్చింది. అసలు బిర్సా అంటే ఏమిటి?

ముండాలలో బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం పాత ఆచారం. సోమవారం పుడితే సోమ్రా, మంగళవారమైతే మంగ్రా, శుక్రవారమైతే సుక్రా, ఆదివారమైతే ఎత్వా. బృహస్పతివారం పుట్టినవాడు బిర్సా. మన పెద్దలు గురువారాన్ని బేస్తవారం అంటారు కదా, అదీ బృహస్పతి నుంచి వచ్చిందే. ఒకే మాట ఇక్కడ ఒకలా, అక్కడ ఒకలా అరిగింది. ఒడిశా సరిహద్దున మన అరకు వైపు గూడేల్లో సోమ్రా, బుద్రా, సుక్రా అనే తాతలు ఉన్నారంటే కారణం ఇదే.

ఇక్కడే ఒక చిక్కు. పుస్తకాల్లో ఆయన పుట్టినరోజు 1875 నవంబరు 15. క్యాలెండరు లెక్క వేసి చూశాం. ఆ రోజు సోమవారం! అలాగైతే ఆయన సోమ్రా కావాలి. మేమైతే పేరునే నమ్ముతాం. చదువు లేని ఇంట్లో తేదీ ఎవరికీ గుర్తుండదు, వారం మాత్రం సంతను బట్టి తల్లికి గుర్తుంటుంది. తల్లి కర్మీ, తండ్రి సుగనా. ఊరు నేటి జార్ఖండ్‌లోని ఉలిహాతు.

చాయీబాసా మిషన్ బడికి వెళ్లాక ఆయన బిర్సా డేవిడ్ అయ్యాడు. బడికి వెళితే పేరు మారడం మనకు కొత్త కాదు. సోమ్రాగా వెళ్లి సోమేశ్వరరావుగా ఇంటికొచ్చిన వాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆయన మాత్రం ఆ బడిని, ఆ పేరును వదిలేశాడు. ముండాలు అడవి కొట్టి సాగు చేసుకున్న ఉమ్మడి భూములను జమీందార్లు, వడ్డీ వ్యాపారులు లాక్కుంటున్న కాలం అది. 1895లో వేలమంది ఆయన మాట వినడానికి చల్కద్ గ్రామానికి వచ్చారు. ధర్తీ ఆబా, అంటే భూమి తండ్రి అని పిలుచుకున్నారు. అదే ఏడు ప్రభుత్వం పట్టుకుని రెండేళ్ల జైలు వేసింది.

విడుదలయ్యాక, 1899 డిసెంబరులో ఉల్గులాన్ మొదలైంది. 1900 జనవరి 9న సైల్ రకబ్ కొండ మీద విల్లంబుల ఎదుట తుపాకులు పేలాయి. ఆ తర్వాత ఆయన అడవిలో పట్టుబడ్డాడు. జూన్ 9న రాంచీ జైలులో చనిపోయాడు. కలరా అని అధికారులు రాసుకున్నారు. నిండా పాతికేళ్లు కూడా లేవు. గిరిజనుల భూములు ఇతరులకు పోకుండా అడ్డుపడే ఛోటా నాగపూర్ కౌలు చట్టం 1908లో వచ్చింది.

మీ తాతల, ముత్తాతల పేర్లు ఏ వారానివో ఇంట్లో అడగండి. రిజిస్టరులో ఉన్నది కాదు, ఇంట్లో పిలిచేది. మాకు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.