జనబాహుళ్యమా, జలాభావమా? సర్ ఆర్థరు కాటను జీవితము

కఱవు వచ్చినప్పుడెల్ల నొక వాదము తలయెత్తుచుండును. మనుష్యులు మితిమీఱిరి, భూమి వారిని మోయజాలకున్నది, కావున ఆకలి తప్పదని ఒక పక్షమువా రందురు. తప్పు మనుష్యులది కాదు, నీటిని వృథాగా సముద్రమునకు విడుచుచున్న పాలనదని రెండవ పక్షమువా రందురు. ఈ రెండవ పక్షమునకు తన ఆయుష్షంతయు ధారపోసినవాడు సర్ ఆర్థరు కాటను. గోదావరీ తీరమున ఆయన పేరెఱుగని రైతు లేడు. కల్వకుర్తి, నాగరుకర్నూలు సీమలవారికి మాత్రము ఆయన కథ దూరపు కథగనే యున్నది. అయినను నేడు మన చేలగట్లపై సాగుచున్న చర్చకు మూలము ఆ జీవితమున గలదని మేము తలంచుచున్నాము.

కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదిన ఇంగ్లండులో జన్మించెను. ఆడిస్కాంబు సైనిక విద్యాలయమున చదివి, 1821లో చెన్నపట్టణమునకు వచ్చి ఇంజనీర్ల దళమున జేరెను. కావేరీతీరమున పనిచేయునపుడు, ఇసుకపై శతాబ్దులుగా చెక్కుచెదరక నిలిచిన కరికాలచోళుని కట్టడమును శ్రద్ధతో పరిశీలించెను. లోతైన పునాది లేకయే మహానదికి అడ్డుకట్ట వేయు విద్య నాయన మన పూర్వుల పనినుండియే గ్రహించెను. ఆ ఋణమును దాచుకొనలేదు. 1836 ప్రాంతమున కొల్లిడముపై తాను కట్టించిన ఆనకట్టలకు ఆ విద్యయే ఆధారము.

తరువాత ఆయన గోదావరీ మండలమునకు వచ్చెను. 1832-33 సంవత్సరముల నందన కఱవు గుంటూరు సీమను శ్మశానముగా మార్చి యుండెను. 1839లో కోరంగిని ఉప్పెన ముంచివేసెను. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో ఏడు లక్షల ముప్పది వేలకు పైబడియున్న జనసంఖ్య 1841 నాటికి ఐదు లక్షల అరువది వేలకు దిగజాఱెను. పాఠకు లీ యంకెలను గమనింతురు గాక. మనుష్యులు తగ్గిరి, దారిద్ర్యము తగ్గలేదు. ప్రజలధికమగుటచేతనే ఆకలి గలుగుచున్నదను వాదమునకు ఇంతకంటె సూటియైన సమాధానము దొరకదు. జీవనది ప్రక్కనే పారుచుండగా ప్రజలు మాడిపోవుచుండుట కాటను సహింపలేకపోయెను. ఆయన నివేదికపై 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభమై, 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. వీణెం వీరన్న వంటి ఆంధ్రోద్యోగుల నేర్పు, వేలాది కూలీల చెమట ఆ కట్టడమున గలసియున్నవి. ఆ పిమ్మట బెజవాడవద్ద కృష్ణపైనను ఆనకట్ట లేచెను. 1891 నాటికి, ఎల్లలు విస్తరించిన గోదావరి జిల్లాలో జనులు ఇరువది లక్షలు దాటిరి. ఐదు లక్షలకు చాలని గడ్డ, నీరబ్బినంతనే, అనేకులకు అన్నము పెట్టగలిగెను.

ఎదుటి పక్షము బలహీనమైనది కాదు. జనసంఖ్య ఆహారమును మించి పెరుగునని 1798లో గ్రంథము వ్రాసిన మాల్థసు పండితుడు, 1805 మొదలు 1834లో మరణించువఱకు, కుంఫిణీ ఉద్యోగులను తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో ఆచార్యుడు. ఆ బోధ పాలకుల తలలలో నాటుకొనెను. 1876-78 సంవత్సరముల ధాత కఱవున మదరాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు సీమలు క్రుంగిపోయెను. ఏబది లక్షలకు పైగా జనులు మరణించిరి. అప్పటి రాజప్రతినిధి లిట్టను ప్రభువు ఆ జనవృద్ధి సూత్రమునే ఉదాహరించెను. దేశమునుండి ధాన్యపు టెగుమతులు మాత్రము నిలువలేదు. డెబ్బదియేండ్లు దాటిన కాటను స్వదేశమునుండి ఈ వైఖరిని నిరసించెను. రైళ్లకు కోట్లు పోసి కాలువలను ఉపేక్షించుట అపరాధమని వ్రాసెను. 1878లో పార్లమెంటు సంఘము నెదుట సాక్ష్య మిచ్చెను.

అచ్చట ప్రతిపక్షులు గద్వాల కెదురుగనున్న సుంకేసుల కథనే ముందునకు దెచ్చిరి. ఆయన ప్రోత్సాహముతో ఒక కంపెనీ తుంగభద్రనుండి కడపవఱకు త్రవ్విన కాలువ నష్టముల పాలయ్యెను. నల్లరేగడి రైతులు, వానపంటలకే యలవాటుపడినవారగుటచే, ఆ నీటిని కోరలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. డెల్టాకు తగిన మందు మెట్టకు తగదను సత్యమును ఆ కాలువ తెలిపినది. ఎదురైన విమర్శలకు తలయొగ్గక, కాటను 1899 జులై 24వ తేదిన, తొంబదియారేండ్లు నిండిన పిమ్మట కన్నుమూసెను.

ఆయన పక్షమును మేము మనసార గౌరవింతుము. కాని ఆయన చూడని దొకటి గలదు. నదికిని హద్దున్నది. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే కృష్ణా డెల్టాకు చేరు మట్టి తగ్గినది. మన సీమలో కృష్ణ క్రింద లోయలో పాఱును. భూములు మీద నుండును. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టులవద్ద మూడంచెలుగా విద్యుచ్ఛక్తితో ఎత్తినగాని కల్వకుర్తి పథకపు నీరు చేలకు రాదు. ఆ నీటిని నిలుపు శ్రీశైల జలాశయము క్రింద కొల్లాపురపు పల్లెలు మునిగిపోయినవి. దేశమందలి ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీలు తమ యూర నీరు లేకయే వలసపోయిరి.

జనసంఖ్యావాదమునకును కాలము మాఱినది. 2019-21 కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున స్త్రీ కొకతెకు సగటున 1.8 సంతానమే. జనసంఖ్యను నిలుపుకొను 2.1కి ఇది తక్కువ. అయినను బోరుబావులు వందల అడుగుల లోతునకు దిగుచునే యున్నవి. సంతానము తగ్గినంతమాత్రమున నీరు పెరుగదని దీనివలన తేలుచున్నది. ఎందఱున్నారను ప్రశ్నకంటె ఎవరెంత వాడుచున్నారను ప్రశ్న నేడు ముఖ్యమైనది.

కాబట్టి మన భూస్వాములకును పట్టణవాసులకును మేము చేయు మనవి యిది. ఆకలికి పేదవాని సంతానమును నిందించుట సులభము. తన బోరు లోతును లెక్కించుకొనుట కష్టము. ఎత్తిపోసిన నీరు వెలగల నీరు. దానిని వరికే పోయక జొన్న, వేరుసెనగ, ఆముదములకును పంచవలెను. చెఱువుల పూడిక తీయవలెను. కాలువ చివరి రైతునకు వంతు దక్కవలెను. నీటిని తెచ్చుట కాటను నేర్పిన పాఠము. తెచ్చిన నీటిని మితముగ వాడుకొనుట మనము నేర్వవలసిన పాఠము.